కంచు: మాటయు, మ్రోతయు



రజతోత్సవ సమయమున వెండిని విడిచి కంచును గూర్చి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. ఇరువదియైదేండ్లకు వెండి, ఏబదియేండ్లకు బంగారము, అరువదియేండ్లకు వజ్రము అని లోకము ఉత్సవములకు పేళ్లు పెట్టినది. ఆ వరుసలో కంచునకు చోటు దొరకలేదు. అయినను దేవాలయమున హారతివేళ మ్రోగునది వెండియు గాదు, బంగారమును గాదు. జేగంటలో పలుకునది కంచు. భజనలో తాళములై పలుకునదియు కంచే. భీమేశ్వరుని సన్నిధిని వెలసిన ద్రాక్షారామము వంటి గ్రామమున కంచు ధ్వని వినకుండ పెరిగిన బిడ్డ ఉండదు. చెవికి ఇంత పరిచయమైన ఈ లోహమేమి? దాని పేరు తెలుగు మాటలలో ఏయే పనులు చేయుచున్నది? ఒకచోట తిరస్కారమునకును, మరియొకచోట గౌరవమునకును గురియగుటకు కారణమేమి? ఈ మూడు ప్రశ్నలే ఈ ప్రసంగమునకు విషయము.

కంచు గనిలో దొరకు లోహము కాదు, మనుష్యుడు చేసికొన్నది. రాగిని, తగరమును కరగించి కలుపగా ఏర్పడినది. రాగి 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి గాని కరగదు. తగరము 232 డిగ్రీలకే కరగిపోవును. రెండును కలసిన పిమ్మట ఆ మిశ్రమము రాగికంటె తక్కువ వేడిమికి కరగి అచ్చులలోనికి చక్కగా పారును. విగ్రహములు పోయుటకు నూటికి 90 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరము సామాన్యముగా చాలును. గంటలకు తగరము 22 పాళ్ల దాక కలుపుదురు. తగరము హెచ్చినకొలది కాఠిన్యమును నాదమును హెచ్చును. వానితోపాటు పెళుసుదనమును హెచ్చును.

ఇందొక విశేషము కలదు. రాగి మెత్తని లోహము. తగరము అంతకంటె మెత్తన. ఒంటిగా రాగి ధ్వని మందము. తగరమునకు చెప్పుకొనదగిన నాదమే లేదు. అట్టి రెండును కలియగా గట్టి లోహము, అందును మ్రోగు లోహము పుట్టుచున్నది. కంచు గొప్పతనమంతయు ఈ కలయికలోనే యున్నది.

కంచును ఇత్తడితో పొరబడువారు నేడు పెక్కుమంది. ఇత్తడి రాగియు తుత్తునాగమును కలసినది. దాని రంగు పసుపుపచ్చన. కంచు రంగు కొంచెము ఎరుపు జీరతో మందముగా నుండును. ఇత్తడి చెంబు చేయిజారి పడిన సొట్టపోవును. కంచు గిన్నె పడిన పగులును. గిన్నెను వ్రేలిమీద నిలిపి మెల్లగా కొట్టిన, ఇత్తడి ధ్వని వెంటనే అణగిపోవును. మంచి కంచు ధ్వని చాలసేపు సాగును. పాతకాలపు ఇల్లాండ్రు అంగడిలో పాత్రను కొనునపుడు కంటితో చూచి ఊరకుండక చెవితో గూడ పరీక్షించెడివారు. పాత తుక్కును కరగించి చేసిన పాత్రలలో సీసము కలసియుండవచ్చును. సీసము విషపదార్థము. కనుక భోజనమునకు కొను కంచు నమ్మకమైన చోట కొనుట మేలు.

ఇక మాట సంగతి. సంస్కృతమున ‘కంసము’ అనగా పానపాత్రయు, ఈ లోహమును. దానినుండి ‘కాంస్యము’, కాంస్యమునకు తద్భవమై తెలుగున ‘కంచు’ ఏర్పడినవి. ఈ లోహముతో పాత్రలు చేయువాడు కంచరి. కమ్మరి, వడ్రంగి, శిల్పి, కంసాలి అను వారితో చేరి కంచరి పంచాణమువారిలో నొకడు. నిత్యము అన్నము తిను ‘కంచము’ను గూడ ఈ కుదురునకే చేర్చిన నిఘంటుకారులు కలరు. నేడు ఇంటింట కంచములు స్టీలువి. ‘స్టీలు కంచము’ అనునపుడు ఆ రెండవ మాటలో పాత లోహము దాగియున్నదని ఎవరికిని తోచదు. వస్తువు మారినను మాట విడువలేదు.

ఇట్టి మాటల పుట్టుకను వెదకువారికి నిఘంటువులే శరణ్యము. సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ 1885లో వచ్చినది. పిఠాపుర మహారాజుగారి పోషణమున ఆంధ్రసాహిత్యపరిషత్తు సిద్ధము చేసిన ‘శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మొదటి సంపుటము 1936లో వెలువడినది. ఆ పరిషత్తును 1911లో స్థాపించుటలో ముఖ్యులైన జయంతి రామయ్య పంతులుగారు కోనసీమలోని ముక్తేశ్వర ప్రాంతమున జన్మించినవారే. కనుక తెలుగు మాటలను పోగుచేసి భద్రపరచు పని ఈ గోదావరీతీరమునకు క్రొత్తది కాదు.

తెలుగువారి వంటయింటిలో లోహములకు ఒక క్రమముండెడిది. నీళ్లకు రాగి చెంబు, ఇత్తడి బిందె. భోజనమునకు కంచు కంచము. పెరుగునకును మజ్జిగకును కంచు గిన్నె. ప్రయాణమునకు కంచు మరచెంబు. ఈ క్రమము వట్టి ఆడంబరము కాదు. చింతపండు పులుసు, మజ్జిగ మొదలగునవి రాగిలోను ఇత్తడిలోను నిలువయున్న చిలుము పుట్టును. అందుచే ఆ పాత్రలకు లోపల కళాయి వేయింతురు. కళాయి యనగా తగరపు పూత. ఆ పూత అరుగును. ఏడాది తిరుగకముందే కళాయివాని కొరకు ఎదురుచూడవలసివచ్చును. కంచులోనన్ననో ఆ తగరము పైపూతగా గాక, లోహములోపలనే కలసియున్నది. కనుక పులుపునకు రాగి ఇత్తడులంత త్వరగా లొంగదు. పైన పూసిన గుణము అరిగిపోవును. లోపల కలసిన గుణము నిలుచును. ఈ చిన్న నీతి వంటయింటి గూటిలోనే యున్నది.

కంచరి పనిలో మరియొక చిత్రము కలదు. తగరము హెచ్చుగానున్న కంచును చల్లగానున్నపుడు సుత్తితో కొట్టిన పగిలిపోవును. ఎఱ్ఱగా కాల్చి, ఆ వేడి చల్లారకముందే నాలుగు దెబ్బలు వేసి, మరల కొలిమిలో పెట్టి, మరల కొట్టి, క్రమముగా పాత్రను సాగదీయవలెను. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచిన గట్టిపడి పెళుసగును. కంచును అట్లే ముంచిన పెళుసుదనము తగ్గును. ఒకే నీరు, ఒకే నిప్పు. లోహమునుబట్టి ఫలము వేరు. బడిలో పిల్లలకు చదువు చెప్పువారును గుర్తింపదగిన సంగతి యిది.

పాత్రలనుండి పలుకుబడులకు వచ్చినచో, కంచు తెలుగువారి నోట ఎన్ని వేషములు వేసినదో తెలియును. దూరమునకు స్పష్టముగా వినవచ్చు గొంతును ‘కంచు కంఠము’ అందురు. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, పిదప నాటక చలనచిత్ర రంగములలో పేరొందిన కొంగర జగ్గయ్యగారిని ఆంధ్రులు ఈ మాటతోనే మెచ్చుకొనిరి. ఎంత వెలుతురుతో వెదకినను దొరకని దానిని ‘కంచు కాగడా వేసి వెదకినను కానరాదు’ అందురు. ఒక పక్షమువారు ఎన్నడును ఓడని నియోజకవర్గమును పత్రికలు ‘కంచుకోట’ అని వ్రాయును. కోటలను మట్టితోను రాతితోను కట్టిరిగాని కంచుతో కట్టలేదు. అయినను బలమునకు గురుతుగా జనులు కంచునే ఎన్నుకొనిరి. నాదము, వెలుగు, బలము: ఈ మూడింటికిని కంచు సాక్ష్యమైనది.

ఇంత గౌరవము పొందిన కంచే తెలుగు కవిత్వమున రెండుమారులు బంగారము చేతిలో ఓడినది. మొదటిది వేమన పద్యము. అల్పుని ఆడంబరపు పలుకును కంచు ధ్వనితోను, సజ్జనుని చల్లని మాటను సువర్ణముతోను పోల్చిన ఆ పద్యము అక్షరాభ్యాసము చేసిన ప్రతి బాలునకు కంఠస్థము. రెండవది శ్రీనాథుని కథ. విజయనగరమున ప్రౌఢదేవరాయల ఆస్థానమందు గౌడ డిండిమభట్టు అను మహాపండితుడుండెను. ఆయన పాండిత్యమునకు చిహ్నము కంచుఢక్క. శ్రీనాథుడు వాదమున ఆయనను గెలిచి ఆ కంచుఢక్కను పగులగొట్టించెను, కనకాభిషేకము పొందెను. ఈ జయమును కవి తన చాటుపద్యమున చెప్పికొనినాడు. అక్కడ కంచు పగిలినది, బంగారము కురిసినది. ఆ శ్రీనాథుడు ద్రాక్షారామమునకు పరాయివాడు కాడు. దక్షారామ మహిమమును కీర్తించు ‘భీమేశ్వరపురాణము’ను రచించి బెండపూడి అన్నయామాత్యునకు అంకితమిచ్చిన కవి ఆయనయే.

అట్లయిన కంచు నిజముగా అల్పమైనదా? వేమన తూచినది మనుష్యుల మాటలను, లోహములను కాదు. గుణము లేని మ్రోతను ఆయన నిందించెను. ఆ నీతి ఎన్నటికిని సత్యము. అయితే కంచరి యెదుట కూర్చున్నవారికి మరియొక సత్యము గూడ కానవచ్చును. కంచు మ్రోగుట దాని గర్వము కాదు. అది దాని ఆరోగ్యము. కంటికి కానరాని సన్నని బీట వారిన పాత్రను కొట్టిన, మ్రోత బొంగురుపోవును. మిశ్రమము సరిగా కలియకున్నను అంతే. బంగారము ఊరకుండుట దానికి శోభ. గంట ఊరకుండుట గంటకు లోపము. హారతివేళ పలుకని గంటను సజ్జనుడని ఎవరును మెచ్చరు. డిండిమభట్టు ఢక్కయు పగులువఱకు ఒక పండితుని గౌరవమును చాటినదే. కావున మ్రోగవలసినపుడు మ్రోగుట, లోన బీటలేకుండ మ్రోగుట, ఇదియే కంచు నేర్పు పాఠము.

ఈ లోహమును మానవుడు గుర్తించిన దినము చరిత్రలో గొప్ప దినము. రాతి పనిముట్ల పిదప, ఇనుము వాడుకలోనికి రాకముందు, పెక్కు దేశములలో కత్తులు, గొడ్డళ్లు, పాత్రలు కంచుతో చేసికొన్న కాలమును చరిత్రకారులు ‘కంచు యుగము’ అందురు. సింధునాగరికత ఆ యుగమునకు చెందినది. మొహెంజొదారోలో 1926లో దొరకిన నర్తకి బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటిమీటర్లే. అరచేతిలో ఇముడు ఆ బొమ్మ నాలుగువేల యేండ్లకు పైబడి నిలిచి, నేడు ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలయందున్నది. దక్షిణాపథమున రాగి కంచులు కొలదిగా వాడుకలోనున్న కాలముననే ఇనుము వచ్చినందున ప్రత్యేకమైన కంచు యుగము ఏర్పడలేదు.

నర్తకి బొమ్మను పోసిన పద్ధతియే తరువాతి దేవతా విగ్రహములకును ఆధారమైనది. మొదట మైనముతో బొమ్మను తీర్చి, దానిపై మెత్తని మట్టిని పొరలుగా పూసి ఆరబెట్టుదురు. వేడిచేయగా మైనము కరగి ఒక రంధ్రమునుండి వెలికి పోవును. ఆ ఖాళీలో కరగిన లోహమును పోసి, చల్లారిన పిదప మట్టిని పగులగొట్టుదురు. మైనము పోయెను, మట్టి పగిలెను. కావున ఆ యచ్చుతో రెండవ విగ్రహము రాదు. బాపట్ల ప్రాంతమున బుద్ధపాడులో దొరకిన కంచు బుద్ధ విగ్రహములు చాలవఱకు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. చోళదేశమున కంచు విగ్రహకళ ఉచ్ఛస్థితినందిన కాలముననే, రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుని కుమారుడు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనమెక్కెను. ఆయన కాలపు శాసనములు ద్రాక్షారామ దేవాలయమున పెక్కు కలవు. అఖండదీపముల కొరకు గొఱ్ఱెలను, ధనమును దానమిచ్చిన వారి పేళ్లు ఆ రాళ్లపై నేటికిని చదువవచ్చును.

ఈ విద్య పురాతన వస్తుశాలలకే పరిమితము కాలేదు. గోదావరికి పడమట తణుకు సమీపముననున్న అజ్జరము ఇత్తడి కంచు పాత్రలకును, దేవాలయపు గంటలకును పేరుపొందిన గ్రామము. శ్రీకాకుళము జిల్లా సరుబుజ్జిలి మండలములోని బుడితి గ్రామపు ఇత్తడి కంచు పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు ఆ యూరి పనివారిదేనని ప్రభుత్వము చట్టరీత్యా అంగీకరించినది.

ఆ శ్రీకాకుళము జిల్లాయే కంచునకు మరియొక గౌరవము తెచ్చినది. క్రీడలలో మూడవ స్థానమునకిచ్చు పతకమును వాడుకలో ‘కంచు పతకము’ అనక ‘కాంస్య పతకము’ అందురు. వంటయింటిలో తద్భవము, వేదికమీద తత్సమము! ఒలింపిక్ క్రీడలలో బంగారము, వెండి, కంచు అను వరుస 1904లో సెయింట్ లూయిస్ నగరమున ప్రారంభమయినది. 1896లో ఏథెన్సు క్రీడలలో ప్రథములకే వెండి పతకమిచ్చిరి. 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో ఆమదాలవలస ప్రాంతపు ఆడుబిడ్డ కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువునెత్తి కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. టోక్యోలో 2021లో జరిగిన క్రీడలలో పి. వి. సింధునకును కాంస్యమే లభించినది. ఆ దినములలో కంచు మూడవదని ఏ తెలుగు గృహమును చిన్నబోలేదు.

ఇట్లు పొగడబడిన కంచు గ్రామములలో ఏ స్థితిలోనున్నది? స్టీలు పాత్ర తేలిక, పగులదు, తోముట సులభము. దానిని నిందింప పనిలేదు. ఇల్లాలి శ్రమను అది నిజముగా తగ్గించినది. అయితే ఆ సౌకర్యముతోపాటు ఒక నష్టము చప్పుడు చేయకుండ జరిగిపోవుచున్నది. అటకమీది కంచు సామాను తూకమునకు అమ్ముడుపోయి కొలిమికి చేరుచున్నది. అందు పోవునది లోహము మాత్రమే కాదు. పూర్వము ఆడుబిడ్డకు సారె పెట్టునపుడు పాత్రమీద ఆమె పేరు చెక్కించుట ఆచారము. కొన్నిటిపై ఊరి పేరు, కొన్నిటిపై సంవత్సరము గూడ నుండును. ఆ అక్షరములు ఒక్కొక్క యింటి శాసనములు. ఎవరి బిడ్డ ఏ యూరినుండి ఏ యింటికి కోడలై వచ్చెనో చెప్పు సాక్ష్యములు. చదువునకు నోచుకొనని ఎందరో తల్లుల పేళ్లు ఈ లోకమున వ్రాతలో నిలిచిన చోటు ఆ కంచు గిన్నె అంచు ఒక్కటే. దేవాలయపు రాతిమీది దాత పేరును పండితులు నకలు వ్రాసికొని భద్రపరచిరి; గిన్నెమీది తల్లి పేరు కొలిమిలో కరగిపోవుచున్నది.

దీనికి గ్రంథాలయము చేయదగిన పని కలదు. పాత్రలను అమ్మవద్దని ఎవరిని నిర్బంధింపరాదు. ఎవరి యవసరము వారిది. కాని అమ్ముటకు ముందు ఆ పాత్రమీది వ్రాతను ఒక పుస్తకమున ఎక్కింపవచ్చును. పాత్ర పేరు, తూకము, చెక్కిన అక్షరములు, చేసిన ఊరు తెలిసిన ఆ యూరు, ఇంటిలోని పెద్దలు చెప్పు వృత్తాంతము: ఇవి వ్రాయుటకు ఒక్కొక్క పాత్రకు పావుగంట చాలును. ఛాయాచిత్రము తీయుటకు నేడు ప్రతి యువకుని చేతిలో సాధనమున్నది. కంచరిపనికి సంబంధించిన మాటలు, పలుకుబడులు వృద్ధుల నోట విని చేర్చినచో, నిఘంటువుల కెక్కని తెలుగు కొంత దక్కును. 1914లో బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది మొదలు, గ్రంథాలయమనగా పుస్తకములు దాచు బీరువా మాత్రమే కాదని, ఊరి జ్ఞానమునకు నిలయమని పెద్దలు చెప్పుచునే యున్నారు.

ఇరువదియైదేండ్ల క్రింద ఈ గ్రంథాలయమును నెలకొల్పినవారు బంగారపు మనుష్యులమని చెప్పికొనలేదు. ఒకరు చోటిచ్చిరి, ఒకరు పుస్తకములిచ్చిరి, ఒకరు సాయంకాలము దీపము వెలిగించి తలుపు తెరచిరి. విడివిడిగా చూచిన చిన్న సాయములు, కలసినపుడు గట్టిపడినవి. రాగియు తగరమును చేసినపని అదియే. గ్రామమున పాఠకులు, చందాదారులు, యువకులు, స్త్రీలు అట్లే కలసియున్నంత కాలము ఈ సంస్థ ధ్వని స్వచ్ఛముగా నుండును. ఎక్కడైన బీట వారిన, మొదట తెలియునది మ్రోతలోనే. కనుక రజతోత్సవమునాడు వెండిని చూచి సంతోషించుటతోపాటు, అప్పుడప్పుడు వ్రేలితో తట్టి వినుటయు అవసరము. స్వర్ణోత్సవమునాటికి ఆ పేళ్ల పుస్తకము నిండియున్నచో, అది ఈ గ్రామము కంచునకు పెట్టిన హారతియగును.